ఆదివారం, రొయ్యల సినిగాంగ్

ఫిలిప్పీన్స్‌లోని దవావో వచ్చాక ఈ ఆదివారం సినిగాంగ్, అంటే ఇక్కడి పుల్లటి చారు, నేనే వండా. మా ఓనర్ ఆంటీ పక్కనే నిలబడ్డారు, పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్‌లా.

బియ్యం కడిగిన రెండో నీళ్లే ఎసరు. ఉల్లి, టమాటా, చేమదుంప వేసి, దుంప మెత్తబడి చారు కాస్త చిక్కబడ్డాక ముల్లంగి, బెండకాయ, ఉడికించి పిసికిన పచ్చి చింతకాయ గుజ్జు. రొయ్యలు చివర్లో, రంగు మారేదాకానే. స్టవ్ కట్టేశాక తూటికూర, ఆ వేడికే మగ్గిపోతుంది.

పోపు లేదు, పసుపు లేదు! చెయ్యి ఆవాల డబ్బా మీదకే పోతోంది, ఆంటీ చూపు చూసి ఆగా. ఉప్పుకి తోడు పాతిస్, అదే చేపల సాస్. వాసనకి భయపడకండి, మరిగాక తెలీదు. ఇక్కడ చాలామంది పొడి ప్యాకెట్టే వాడతారు గానీ నా ఓటు చింతకాయకే.

ఆంటీ మారు వడ్డించుకున్నారు. మా రూమ్మేట్ మాత్రం ఆవకాయ నంజుకుని తిన్నాడు.