‘గాడ్ అండ్ మీ’ పాఠాలు చెప్పిన నెలలు

మా స్కౌట్ బృందంలో 1 నుంచి 3వ తరగతి వరకు చదివే పిల్లలకు ‘గాడ్ అండ్ మీ’ అనే క్రైస్తవ పురస్కార కార్యక్రమం పాఠాలు చెప్పే బాధ్యతను ఈ ఏడాది నేను తీసుకున్నాను. స్కౌట్ ప్రతిజ్ఞలో దేవుని పట్ల కర్తవ్యం అనే మాట ఉన్నప్పటికీ, ఈ పురస్కారాన్ని ఇచ్చేది స్కౌట్ సంస్థ కాదని, క్రైస్తవ సంఘమేనని (చర్చి) తల్లిదండ్రులకు ముందుగానే వివరించాను. బిడ్డతో పాటు తల్లి గాని, తండ్రి గాని, మరో పెద్దవారు గాని కూర్చుని పాఠాలు పూర్తి చేయడమే ఈ కార్యక్రమానికి ప్రాణమని నా నమ్మకం. కాపరి 99 గొర్రెలను విడిచి తప్పిపోయిన ఒక్కదాన్ని వెతుక్కుంటూ వెళ్లే ‘తప్పిపోయిన గొర్రె’ ఉపమానం చదివిన రోజున, అంతకుముందు నోరు విప్పని ఒక చిన్నారి, ‘మరి మిగతా 99 గొర్రెలకు భయం వేయలేదా?’ అని అడిగినప్పుడు నేను సిద్ధం చేసుకున్న పాఠాన్ని పక్కన పెట్టేశాను. అంతవరకు మౌనంగా ఉన్న ఆమె తండ్రి బైబిలు తెరిచి, లూకా సువార్త 15వ అధ్యాయాన్ని కూతురి కోసం మళ్లీ మొదటి నుంచి నెమ్మదిగా చదివారు. ఆరాధనలో పతకాలు అందజేసిన ఆదివారం ఆ ఇద్దరూ చేయి చేయి పట్టుకునే ముందుకు నడిచి వచ్చారు.