కరెక్టుగా చెప్పినందుకు తిట్లు

బెంగళూరులో విమానాల హోసులు చేసే మా షెడ్డులో, ట్రేలో ఉన్న నీలం రంగు ఎల్బో ఫిట్టింగు (హోసు చివర బిగించే వంపు ముక్క) చేతిలోకి తీసుకుని, స్టోర్స్ కుర్రాడితో "ఇది ఎయిట్" అన్నాను. వెనకే ఉన్న ఇన్‌స్పెక్టర్ గారి చెవిన పడింది. అక్కడికక్కడే కొలిపించారు. డాష్ 8 సైజు అనే తేలింది. నేను చెప్పినట్టే వచ్చింది కదా అని నవ్వబోయేలోగా, "నినగె యారు హేళిద్రు?" అని కన్నడలో, నీకెవరు చెప్పారని అందరి ముందూ ఒక్క అరుపు. ఎవరో చెప్పేదేముంది సార్, కళ్ళున్నాయి కదా అనబోయి ఊరుకున్నాను.

అనంతపురం, చిత్తూరు వాళ్ళకి బెంగళూరు పక్క ఊరు లాంటిదే. మా కృష్ణా జిల్లా వాళ్ళకి కాదు. మా షెడ్డున్న పీణ్యా పారిశ్రామికవాడలో చాలా షెడ్లలో తెలుగు వినిపిస్తుంది, టీ కొట్టతను తెలుగులోనే చిల్లరడుగుతాడు. అయినా తిట్లు తిన్న రోజున ఇది పరాయి ఊరే.

నేను పని నేర్చుకున్నది విజయవాడ ఆటోనగర్లో. టిప్పరు డ్రైవరు పగిలిన హోసు భుజాన వేసుకొస్తాడు. మా మేస్త్రి బాబాయి చివర చూసి, వేలితో తడిమి, "అరంగుళం, ఆర్-టూ, కొట్టెయ్" అంటాడు. ఆర్-టూ అంటే లోపల రెండు వరసల స్టీలు తీగ అల్లిక ఉన్న హోసు. డ్రైవరు టీ తాగొచ్చేలోగా క్రింపింగ్, అంటే ఫిట్టింగుని హోసుకి నొక్కి బిగించడం, అయిపోతుంది. పార్టు నంబరు ఎంతని అడిగితే మనల్ని పిచ్చివాణ్ణి చూసినట్టు చూస్తాడు. కంటితో చూసి కొలత చెప్పేసే ఆ నేర్పుకి అక్కడ కూలీ ఉంది, మర్యాదా ఉంది. విమానాల హోసులు చేసే ఈ షెడ్డుకొచ్చాక అదే నేర్పు తప్పయి కూర్చుంది.

భోజనాలయ్యాక ఆయనే పిలిచారు. గొంతు మామూలైపోయింది. బల్ల మీద మూడు ఫిట్టింగులు పెట్టారు. మూడింటి థ్రెడ్డూ 3/4-16, అంటే ముప్పావు అంగుళం లావు, అంగుళానికి పదహారు మరలు. ఒకటి బండ్ల మీద వాడే 45 డిగ్రీల ఫ్లేర్‌ది, అంటే లీకవకుండా ఆనుకునే కోను వాలు అంత. దాని నట్టు విమానాలకి వాడే మా ఏఎన్ రకం ఫిట్టింగు మీదకి హాయిగా ఎక్కుతుంది, కానీ మాది 37 డిగ్రీలు కాబట్టి కోన్లు కుదురుగా కూర్చోవు. దాన్ని నేను పట్టేశాను. మిగతా రెండూ 37 డిగ్రీలే. ఒకటి ఏఎన్, ఇంకోటి ఫ్యాక్టరీ మెషీన్లకి వాడే జేఐసీ. కొలతా అదే, కోణమూ అదే. ఏఎన్‌లో అల్యూమినియంది నీలం, స్టీలుది నలుపు. "బణ్ణ యార్ బేకాదరూ హాక్తారె" అన్నారాయన. నిజమే, రంగు ఎవడైనా వేస్తాడు. అసలు తేడా థ్రెడ్డు అడుగున ఉందట. విమానాల థ్రెడ్డుకి అక్కడ గుండ్రటి వంపు ఉంటుంది, వైబ్రేషన్‌కి పగులు మొదలవకుండా. టాలరెన్సూ బిగువే. ఇవేవీ కంటికి ఆనవు. అందుకే ముందు కాగితం, ట్యాగు, నంబరు. ఆ తర్వాతే నోరు.

వాదన బాగానే ఉంది. నాకు నచ్చనిది అరుపు. నేనేమైనా దాన్ని తీసుకెళ్ళి బిగించానా? నోటిమాట అన్నానంతే. కానీ స్టోర్స్ కుర్రాడు ఆ మాట విని ఎయిట్ల ట్రేలో పడేసేవాడా అని అడిగితే, పడేసేవాడే. వాడికి నా మీద అంత గురి మరి.

ఇక్కడి పనిలో నన్ను మురిపించేవీ ఉన్నాయి. హోసు పొడవునా ఒక గీత ఉంటుంది, లే లైన్ అంటారు. బిగించాక ఆ గీత మెలి తిరిగిందంటే లోపల హోసూ మెలి తిరిగినట్టే, విప్పాల్సిందే. దాని పక్కనే ఏ సంవత్సరం ఎన్నో త్రైమాసికంలో తయారైందో అచ్చు వేసి ఉంటుంది. పొడవు లెక్కలో 5 నుంచి 8 శాతం వదులు కలుపుతారు, ప్రెజర్ ఎక్కితే హోసు లావై పొట్టిదవుతుంది కనక. ఆటోనగర్లో మేమూ వదులు ఉంచేవాళ్ళం. శాతం మాత్రం బాబాయి మోచేతి కొలతలో ఉండేది.

ఆదివారం బాబాయికి ఫోన్ చేసి గొప్పగా చెప్పాను. డాష్ నంబరంటే అంగుళంలో పదహారో వంతులు, ఎయిట్ అంటే అరంగుళం, అక్కడా ఇక్కడా. కానీ మన ఆర్-టూ హోసుకి లోపలి రంధ్రం అరంగుళం. ఇక్కడ విమానాలకి వాడే మిల్-హెచ్-8794 అనే రకం హోసుకి రంధ్రం 13/32 అంగుళమే.

"అరంగుళమని చెప్పి తక్కువిస్తే మోసం కాదట్రా?"

"కాదు బాబాయ్. ఆ అరంగుళం దాంతో కలిసే లోహపు ట్యూబు బయటి కొలత. ట్యూబు గోడ మందం తీసేస్తే లోపల మిగిలేదీ దాదాపు అంతే."

కాసేపు ఆలోచించి, "సంక్రాంతికి వచ్చేటప్పుడు ఓ ముక్క పట్రా, చూద్దాం" అన్నాడు. కుదరదన్నాను. పనికిరాని హోసుని కూడా మళ్ళీ ఎవరూ వాడకుండా ముక్కలు కోసి, రిజిస్టర్లో రాసిగానీ పారెయ్యరని చెప్పాను.

"తుక్కుక్కూడా లెక్కేంట్రా, మరీ అంత పిసినారి షావుకారా మీవాడు?" అన్నాడు బాబాయి.