తొంభైల మధ్య ఒక 84

ట్రైలర్ తగిలించుకుని దూరం బయల్దేరితే మా బావ హడావుడంతా బండి కదలకముందే. ట్రైలర్‌ని బండికి తగిలించే హిచ్, గొలుసులు, లైట్లు అన్నీ అయ్యాక చివర్లో టైర్ల గాలి. అదీ ఎండ తగలకముందు, బండి కనీసం 3 గంటలు ఆగి ఉన్నాక చూసిందే లెక్క. మా ట్రైలర్‌కి రెండు ఇరుసులు, నాలుగు చక్రాలు. చల్లగా ఉన్నప్పుడు ఒక్కోదాంట్లో గాలి ఒత్తిడి 80 పీఎస్‌ఐ ఉండాలి. ఆ పొద్దున నాలుగూ 80 చూపించాయి. స్టెప్నీ కూడా చూశాడు. చాలామంది దాన్ని మర్చిపోతారు.

బావ గేజ్ లోపల పెట్టేలోగా నేను వాల్వుల మీద, టైరు గాలినీ వేడినీ కొలిచి ముందు బండిలోని మానిటర్‌కి పంపే సెన్సార్లు బిగించాను. వాల్వ్ మూత తీసి దాని బదులు ఇది తిప్పడమే. లోపల చిన్న బిళ్ల బ్యాటరీ ఉంటుంది. చూడ్డానికి చిన్నదే అయినా చక్రం వేగంగా తిరిగేటప్పుడు ఆ బరువుకి రబ్బరు వాల్వ్ వంగి మొదలు దగ్గర పగలొచ్చు. అందుకే బావ ముందే మెటల్ వాల్వులు వేయించాడు. ట్రైలర్ వెనక చక్రాల సిగ్నల్ ఇంజిన్ బండిదాకా సరిగా అందదని మధ్యలో దాన్ని అందుకుని మళ్లీ పంపే రిపీటర్ ఒకటి పెట్టాం. డ్రైవింగ్ బావది, మానిటర్ చూసే డ్యూటీ నాది.

ఇంత అవసరమా అంటే, అవసరమే. లాగే బండిలో టైరు దిగితే స్టీరింగ్ ఒక పక్కకి లాగుతుంది, మనకి తెలుస్తుంది. ట్రైలర్‌లో రెండు ఇరుసులున్నప్పుడు ఒక టైరు దిగితే పక్క టైరు ఆ బరువు కూడా మోస్తూ గుట్టుగా వచ్చేస్తుంది. ముందు కూర్చున్నవాళ్లకి ఏమీ తెలియదు. పేలాక, ఊడిన రబ్బరు మడ్‌గార్డ్‌నీ అడుగున ఉన్న వైర్లనీ కొట్టి చీల్చేశాకే తెలిసేది. అమెరికాలో 2008 మోడల్ నుంచి కార్లకీ లైట్ ట్రక్కులకీ గాలి తగ్గితే హెచ్చరించే వ్యవస్థ తప్పనిసరి చేశారు గానీ ఆ రూలు ట్రైలర్లకి వర్తించదు. పైగా ఆ రూలు ప్రకారం లైటు వెలగాల్సింది గాలి 25 శాతం తగ్గేసరికి. మా 80కి ఆ లెక్క వేస్తే 60. నిండుగా బరువెత్తిన టైరుకి అది చాలా ఆలస్యం. మేం అలారం 72కి పెట్టుకున్నాం.

మైదానంలో రోడ్డు తిన్నగా పోతోంది. గంట గడిచేసరికి అంకెలు 91, 91 దగ్గర నిలబడ్డాయి. ఎండ పడే వైపు 93. మొదటిసారి చూసేవాళ్లకి టెన్షన్ పుట్టించే అంకెలే. మేం టీకి ఆగినప్పుడు పక్క బండాయన మా స్క్రీన్ చూసి, "80 అని టైరు మీదే రాసుంది కదండీ, కాస్త గాలి దించేయండి, పేలుతుంది" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు, పాపం. కానీ ఆ 80 చల్లని టైరు లెక్క. రోడ్డు మీద నడిచి వేడెక్కినప్పుడు పది పన్నెండు పెరగడం మామూలే, అది చూసుకునే టైరు తయారుచేస్తారు. వేడిమీద 80కి దించితే మర్నాడు పొద్దున 70 చుట్టుపక్కల ఉంటుంది. బావ నవ్వి, "చూస్తామండీ" అని ఊరుకున్నాడు.

మళ్లీ రోడ్డెక్కాక కాసేపటికి నీడ వైపు ముందు చక్రం 91 నుంచి 89కి దిగింది. మబ్బు పట్టిందేమో అనుకున్నాను. పట్టలేదు. తర్వాత 87. అలారం మోగదు, ఎందుకు మోగుతుంది? 72 ఇంకా చాలా కిందుంది. అసలు 87 అంటే పొద్దున కొట్టిన గాలికంటే ఎక్కువే. ఆ ఒక్క అంకె చూస్తే అంతా బాగున్నట్టే. పక్క చక్రంతో కలిపి చూస్తేనే తేడా.

"బావా, ముందుది 84. దాని వెనకది 91."

"వేడి?"

"రెండూ 38."

వేడి కూడా పెరిగుంటే బ్రేకు పట్టేయడమో, బేరింగ్ పోవడమో అనుకోవాలి. సెన్సార్ టైరు బయట గాలికి ఉంటుంది కాబట్టి లోపలి అసలు వేడి చూపించదు, నాలుగింటినీ పోల్చుకోడానికి మాత్రం పనికొస్తుంది. వేడి పెరగకుండా గాలి ఒక్కటే తగ్గుతోందంటే ఎక్కడో కారుతోంది. బావ వేగం తగ్గించి, రోడ్డుకి బాగా దూరంగా, నేల గట్టిగా ఉన్నచోట ఆపాడు.

సబ్బునీళ్లు చల్లాం. వాల్వ్ దగ్గర ఏమీ లేదు. బండి అడుగు ముందుకి జరిపించి మళ్లీ చల్లితే, ట్రెడ్ గాడిలో చిన్న రాయి అనుకున్నదాని చుట్టూ సన్నటి నురగ. రాయి కాదు, స్క్రూ తల. అరిగి మెరుస్తోంది. పీకకుండా అలాగే వదిలేసి, జాకీ ఫ్రేమ్ కింద పెట్టి స్టెప్నీ వేశాం. ఆ సెన్సారే స్టెప్నీకి మార్చాను. వెనక చక్రం కూడా చేత్తో తడిమి చూశాం, కాసేపయినా అది ఎక్కువ బరువు మోసింది కదా. 80 కిలోమీటర్లు పోయాక ఆగి నట్లు టార్క్ రెంచితో మళ్లీ బిగించాం.

సాయంత్రానికి ఘాట్ రోడ్డెక్కి 1,800 మీటర్ల ఎత్తులో, సరస్సు పక్కన బస. పొద్దున 2 డిగ్రీలు. మానిటర్‌లో నాలుగూ 74. బావ గేజ్ పెడితే 77. ఒకటి చెడిపోయిందని కాదు, రెండూ నిజమే చెబుతున్నాయి. చలికి గాలి తగ్గింది. మా సెన్సార్లు టైరులోని మొత్తం పీడనంలోంచి ఎక్కడున్నా సముద్రమట్టం దగ్గరి వాతావరణ పీడనాన్నే తీసేసి చూపించే రకం. కొండమీద ఆ పీడనం దాదాపు 3 పీఎస్‌ఐ తక్కువ. చేతి గేజ్ మాత్రం అక్కడున్న గాలితోనే పోలుస్తుంది. కాబట్టి అక్కడ నమ్మాల్సింది గేజ్‌నే.

నేనైతే 80కి నింపేసేవాణ్ణి. బావ ఒప్పుకోలేదు. ఒక్కో టైరు 80 మీద 1,280 కిలోల పైచిలుకు మోస్తుంది, మేం వేబ్రిడ్జి మీద తూచినప్పుడు ఒక్కోదాని మీద పడింది వెయ్యి లోపే. ఇంకో గంటలో వెచ్చటి మైదానానికి దిగిపోతాం, దానికోసం కంప్రెసర్ దింపడం దండగ అన్నాడు. కాసేపు వాదించుకున్నాం, చివరికి అలాగే బయల్దేరాం. పంక్చర్ షాపు వచ్చేదాకా స్టెప్నీ లేదు కాబట్టి ఆ రోజు వేగం తగ్గించి నడిపాడు. దిగుతున్నంతసేపూ నేను ఏ అంకె ఎంతుందని కాదు, నాలుగూ కలిసి పెరుగుతున్నాయా లేదా అని చూస్తూ కూర్చున్నాను.