వేరేవాళ్ల ప్యాటర్న్‌తో అల్లినవి అమ్మడం: నా అనుభవం

నేను క్రోషేతో, అంటే కొక్కెం సూదితో నూలు అల్లే పద్ధతిలో, అల్లేవి చాలాకాలం బంధువుల పిల్లలకీ, స్నేహితులకీ బహుమతులుగానే వెళ్లేవి. డబ్బిచ్చి కొంటామని అడిగేవాళ్లు వచ్చాక ఒక విషయం తేల్చుకోవాల్సి వచ్చింది. వాళ్లడిగిన కుందేలు బొమ్మ, పసిపిల్లల టోపీ, లేసు శాలువా, కార్టూన్ బొమ్మ అన్నీ నేను అల్లగలను. కానీ ఒక్కదానికీ ప్యాటర్న్, అంటే ఏ వరసలో ఎన్ని కుట్లు ఎలా అల్లాలో చెప్పే రాత, నాది కాదు. చేతి పని నాది, నూలు నాది, ఆలోచన ఇంకొకరిది. అమ్మితే న్యాయమేనా? ఆర్డర్లు ఒప్పుకునేముందే ఇది తేల్చుకోవాలనుకున్నాను.

ముందు చట్టం సంగతి చూశాను. 1886 నాటి బెర్న్ ఒప్పందంలో ఉన్న దేశాల్లో, ఆ ఒప్పందం ప్రకారం కాపీరైట్ కోసం రిజిస్టర్ చేసుకోనక్కర్లేదు. రచన చేసినవాళ్లకు హక్కు దానంతటదే వస్తుంది. అంటే ప్యాటర్న్‌లోని రాత, చార్టు, ఫొటోలు డిజైనర్‌వే. కొన్న పీడీఎఫ్‌ని స్నేహితురాలికి పంపకూడదు. డిజైనర్ తీసిన ఫొటోని నా అమ్మకాల పేజీలో పెట్టకూడదు. ప్యాటర్న్‌ని తెలుగులోకి మార్చి పంచాలన్నా అనుమతి కావాలి. ఇంతవరకు ఏ సందేహమూ లేదు.

చిక్కంతా అల్లిన వస్తువు దగ్గరే. అమెరికా కాపీరైట్ చట్టంలో 102(బి) సెక్షన్ ప్రకారం ఒక పని చేసే పద్ధతికి కాపీరైట్ ఉండదు. దీనికి మూలం బేకర్ వర్సెస్ సెల్డెన్ అనే పాత కేసు. లెక్కలు రాసే ఒక పద్ధతిని వివరించిన పుస్తకానికి హక్కు ఉంటుంది గానీ, ఆ పద్ధతిలో లెక్కలు రాసుకునేవాళ్లని ఆపే హక్కు ఉండదని అక్కడి సుప్రీంకోర్టు 1880లో చెప్పింది. టోపీ ప్యాటర్న్‌కీ ఇదే వర్తిస్తుందని వాదించేవాళ్లు చాలామంది. బొమ్మ సంగతి అలా కాదు. టోపీ వాడుకునే వస్తువు, బొమ్మకి రూపమే ప్రధానం. 1983లో ఒక బొమ్మ విమానం కేసులో అక్కడి అప్పీలు కోర్టు బొమ్మని ఉపయోగ వస్తువుగా చూడకూడదంది. కాబట్టి కుందేలు బొమ్మకి ఉన్న రక్షణ మామూలు టోపీకి ఉండకపోవచ్చు. దేశాన్ని బట్టి వివరాలు మారతాయి.

చట్టం చదివాక కొంత స్పష్టత వచ్చింది, మనసు మాత్రం కుదుటపడలేదు. కోర్టు నన్ను ఆపదు కాబట్టి డిజైనర్‌ని అడగనక్కర్లేదన్న వాదన నాకు నచ్చదు. ఒక మంచి ప్యాటర్న్ వెనుక ఎంత పని ఉంటుందో అల్లేవాళ్లకి తెలుసు. ముక్కు ఒక వరస పైకి జరిగితే ముఖమే మారిపోతుంది. అల్లి, విప్పి, మళ్లీ అల్లి, ప్రతి కుట్టూ లెక్కేసి, కొత్తవాళ్లకీ అర్థమయ్యేలా రాసి, ఇంకొందరి చేత అల్లించి సరిచూస్తారు. ఆ కుందేలుని చూసే కదా నన్ను ఆర్డర్ అడిగారు!

అందుకే నా దగ్గరున్న ప్యాటర్న్‌లన్నీ తీసి షరతులు చదివాను. ఎక్కువగా చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంటాయి. కొందరు 'అల్లినవి అమ్ముకోండి, నా పేరు చెప్పండి' అన్నారు. కొందరు తక్కువ సంఖ్యలో, సొంత చేత్తో అల్లితేనే సరే అన్నారు. కొందరు సొంత వాడకానికే అన్నారు. ఉచితంగా దొరికినవాటిలోనూ షరతులున్నాయి. తమ పనిని ఇతరులు ఎలా వాడుకోవచ్చో ముందే చెప్పే క్రియేటివ్ కామన్స్ లైసెన్స్‌లో 'నాన్ కమర్షియల్' అని ఉంటే వ్యాపారానికి వాడకూడదని అర్థం. ఇలాంటి షరతులు కోర్టులో నిలబడతాయా లేదా అన్న చర్చ వేరే. షరతు తెలిసి ప్యాటర్న్ తీసుకున్నానంటే మాట ఇచ్చినట్టేనని నేను అనుకుంటాను.

ఏమీ రాయనివాళ్లకి మెయిల్ పెట్టాను. ఏం అల్లాలనుకుంటున్నాను, ఎన్ని, ఎక్కడ అమ్ముతాను, మీ పేరు ఎలా రాస్తాను అని నాలుగు ముక్కల్లో రాశాను. గుండె కొట్టుకుంటూనే పంపాను గానీ టెన్షన్ పడాల్సినంత ఏమీ లేదు. కుందేలు డిజైనర్ వెంటనే ఒప్పుకుని, అడిగినందుకు థ్యాంక్స్ చెప్పారు. శాలువా డిజైనర్ కుదరదన్నారు. ఆ డిజైన్ మీదే తన బతుకుతెరువు ఆధారపడి ఉందని మర్యాదగా వివరించారు. నేను ఆ శాలువా ఆర్డర్ వదిలేసి, కొనాలనుకున్నావిడకి డిజైనర్ పేజీ చూపించాను. ఇంకొకరి నుంచి జవాబే రాలేదు. మౌనాన్ని అంగీకారంగా తీసుకోవచ్చని సలహా ఇచ్చినవాళ్లున్నారు. నేనలా తీసుకోలేదు.

కార్టూన్ బొమ్మ దగ్గర డిజైనర్ అనుమతి కూడా సరిపోదు. పాత్ర సొంతదారు వేరే, ప్యాటర్న్ రాసినవాళ్లు వేరే. మిక్కీ మౌస్‌నే తీసుకుంటే, 1928 నాటి తొలి రూపం మీద అమెరికాలో కాపీరైట్ 2024 జనవరి 1న తీరిపోయింది. చాలా ఏళ్ల తర్వాత వచ్చిన రూపాలకీ, ట్రేడ్‌మార్క్‌కీ రక్షణ అలాగే ఉంది. పిల్లలకి తెలిసిన మిక్కీ ఆ తర్వాతి రూపమే. ఆ ఆర్డర్ కూడా ఒప్పుకోలేదు.

అలాగని డిజైనర్లు రాసిన ప్రతి మాటకీ నేను తల ఊపను. మ్యాజిక్ రింగ్‌లో (అల్లిక మొదలుపెట్టే, లాగితే బిగుసుకునే నూలు ఉంగరం) 6 కుట్లు, తర్వాతి వరసల్లో 12, 18, 24 అని పెంచుకుంటూ పోతే గుండ్రంగా వస్తుంది. అది ఎవరి సొత్తూ కాదు. గ్రానీ స్క్వేర్ అనే చదరపు అల్లిక తరాలుగా చేతులు మారుతూ వచ్చింది. సింగిల్ క్రోషే అనే మామూలు కుట్టుతో అల్లే టోపీకి ప్యాటర్న్ రాసి 'దీన్ని అల్లి అమ్మొద్దు' అంటే అది న్యాయమని నాకనిపించదు. పసిపిల్లల టోపీకి అలాంటి ప్యాటర్నే నా దగ్గరుంది. దాన్ని మూసేసి, తల కొలత, నూలు మందం చూసుకుని కుట్లు నేనే లెక్కేసి అల్లాను. ఇందులో నాకు ఏ ఇబ్బందీ అనిపించలేదు.

తర్వాత సొంతంగా ఒక ఏనుగుని తయారుచేసే పనిలో పడ్డాను. ఇంత శాతం మారిస్తే డిజైన్ మనదైపోతుందని ఒక మాట ప్రచారంలో ఉంది. కాపీరైట్ చట్టంలో అలాంటి శాతం ఏదీ లేదు. రంగు మార్చి, చెవులు పొడుగు చేసి నాదనడం నాకూ ఇష్టం లేదు. వేరేవాళ్ల ప్యాటర్న్‌లన్నీ పక్కనపెట్టి, ఏనుగు ఫొటోలు చూసి బొమ్మ గీసుకుని మొదలుపెట్టాను. తొండం వంకర తిరగడానికి ఒకవైపే కుట్లు తగ్గించాలని తెలుసుకునేసరికి చాలా నూలు విప్పాను. ప్యాటర్న్ రాసేవాళ్ల మీద గౌరవం ఇంకా పెరిగింది.

ఇప్పుడు అమ్మే ప్రతి బొమ్మకీ చిన్న కార్డు కడుతున్నాను. అల్లింది నేను, డిజైన్ ఫలానావారిది అని దానిమీద రాస్తాను. పేరు రాస్తే అనుమతి అక్కర్లేదనుకోకండి, ఈ రెండూ వేర్వేరు. కార్డు చూసి కొందరు ప్యాటర్న్ పంపమంటారు. పీడీఎఫ్ పంపను, డిజైనర్ లింక్ ఇస్తాను. ఒకావిడ అలా కొనుక్కుని తనే అల్లుకుంది. నాకో అమ్మకం పోయింది, అయినా చాలా సంతోషమేసింది.