ఒకే ఇంటిపేరు, వేరే ఇలవేల్పు

నెల్లూరు వైపు మా ఇంటిపేరు వాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళకు ఇలవేల్పు పెంచలకోన నరసింహస్వామి. ఇంటికో పెంచలయ్య, పెంచలమ్మ ఉంటారు. మేం మాత్రం కందుకూరు వైపు కొండ మీదున్న మాలకొండ నరసింహస్వామి వాళ్ళం. మాలకొండయ్య అనే పేరు లేని తరం మా ఇంట్లో లేదు. పుట్టువెంట్రుకలు తీయించేదీ అక్కడే. ఎందుకిట్లా అని నాయనను అడిగితే, "మీ తాత వాళ్ళ తాత కాలంలో ఇంటిపేరు మారిందంట" అని ఊరుకునేవాడు.

మా అబ్బాయి పుట్టువెంట్రుకలు తీయించే ముందు ఆ సంగతి తేల్చుకోవాలని తాత ట్రంకుపెట్టె దించాను. అందులో ఒక దఖలు దస్తావేజు దొరికింది. 'నెల్లూరు జిల్లా కందుకూరు తాలూకా' అని మొదలవుతుంది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా ఆ తాలూకా నెల్లూరు కిందే ఉండేది. మగపిల్లలు లేని ఒక మామ, ఇల్లటం తెచ్చుకున్న అల్లుడికి పొలం రాసిచ్చిన కాగితం అది. అల్లుడి పేరుకు ముందున్న ఇంటిపేరు మాది కాదు! ఆ అల్లుడి కొడుకుల పంపకాల కాగితంలో మాత్రం మామగారి ఇంటిపేరు ఉంది. అదే ఇప్పుడు మాది. (రెండు ఇంటిపేర్లూ ఇక్కడ రాయడం లేదు. రెండు వైపులా మనుషులున్నారు.)

నాకు అర్థం కానిది ఒకటే. ఇల్లటం వేరు, దత్తత వేరు. దత్తుడు పుట్టింటిని వదులుకుంటాడు. ఇల్లటం అల్లుడికి మామ ఆస్తి వచ్చినా, పుట్టింట్లో హక్కు పోదు. మద్రాసు హైకోర్టు కూడా గుర్తించిన ఆచారం ఇది. మరి పిల్లల ఇంటిపేరు మార్చాల్సిన అవసరం ఏమొచ్చింది?

మాలకొండలో శనివారం ఒక్కరోజే దర్శనం. మిగతా రోజుల్లో దేవతలు, ఋషులు స్వామిని కొలుస్తారని నమ్మకం. పాత ఇంటిపేరు వాళ్ళలో ఒక పెద్దాయన శనివారాలు కొండకు వస్తాడని తెలిసి, కందుకూరులో ఉన్న మేనత్తతో కబురు పంపాను. మా అబ్బాయికి గుండు చేయించి, గంధం పూసి, క్యూలో నిలబడ్డాక ఆయన మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చి కలిశాడు. పూజారి గోత్రం అడిగితే ఇద్దరం ఒకేసారి నోరు తెరిచాం. ఒకటే గోత్రం.

స్వామి దర్శనం అయ్యాక పైకెక్కి అమ్మవారి దగ్గరికి పోవాలంటే చీలిన పెద్ద బండ మధ్య సందులోంచి దూరాలి. పక్కకు తిరిగి, పిల్లోణ్ణి భుజం మీదికి ఎత్తుకున్నాను. వీపు ఒక బండకు, ఛాతీ ఇంకో బండకు రాసుకుంటున్నాయి. ఎంతమంది చేతులు తగిలాయో, అక్కడ రాయి నున్నగా అయిపోయింది. ముందు పోతున్న పెద్దాయన వెనక్కి చెయ్యి చాపి, పిల్లోడి తల బండకు తగలకుండా అరచెయ్యి అడ్డం పెట్టాడు. నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి.

కిందికి దిగాక సత్రం అరుగు మీద కూర్చుని చెప్పాడు. "మామగారి దాయాదులు పంచాయితీ పెట్టారంట అబ్బయ్యా, పొలం పరాయి ఇంటికి పోతోందని. ఆ ముసలాయన నలుగురిలో, 'నా మనవళ్ళు నా ఇంటిపేరే పెట్టుకుంటారు, ఇంక పరాయి ఎట్లా అవుద్ది?' అన్నాడంట. కరణం లెక్కల్లో కూడా అట్లాగే ఎక్కింది. మీ తాత వాళ్ళ తాత ఒక్కటే అడిగాడంట. వెంట్రుకలు మాత్రం మాలకొండలోనే తీయిస్తానని."

నాకు వెంటనే మేనత్త సంగతి గుర్తొచ్చింది. ఈ పెద్దాయన వాళ్ళ ఇంటి నుంచే ఆమెకు మంచి సంబంధం వస్తే తాత ఒప్పుకోలేదు. వరసకు అన్నాచెల్లెళ్ళవుతారని ఆయనకు తెలిసే ఉంటుంది. మాకెందుకు చెప్పలేదో!

"పెద్దనాయనా" అని పిలిస్తే ఆయన చాలాసేపు నా చెయ్యి వదల్లేదు. ఆ దస్తావేజు తనకూ కావాలన్నాడు. వాళ్ళింట్లో ఆ కాలం నాటి కాగితం ఒక్కటీ మిగల్లేదంట. వచ్చే శనివారం జిరాక్సు తీసుకుని మళ్ళీ కొండకు పోతున్నాను. ఈసారి నాయన కూడా వస్తానన్నాడు.