డాఫొడిల్‌కి బెజవాడ ఎండ అడ్డు కాదు

మా మేనమామకి విజయవాడ వన్‌టౌన్‌లో పూలకొట్టు. నాకు ఇంగ్లండులో, లింకన్‌షైర్‌లోని స్పాల్డింగ్ దగ్గర, పూల ప్యాక్‌హౌస్‌లో పని. అప్పు చేసి ఎమ్మెస్సీకి పంపిస్తే వీడు అక్కడా పూలకట్టలే కడుతున్నాడని మా అమ్మ మొదట్లో చుట్టాలకి చెప్పేది కాదు. ఎవరైనా అడిగితే 'లండన్‌లో లాజిస్టిక్స్' అనేది. మామయ్య మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా నా జీతం సంగతి పక్కనపెట్టి సరుకు గురించే అడుగుతాడు. కట్టకి ఎన్ని కాడలు? ఎన్నాళ్లు నిలుస్తుంది? మిగిలిపోతే ఏం చేస్తారు?

మా సరుకు డాఫొడిల్, ఉల్లిపాయలాంటి దుంప నుంచి వచ్చే పువ్వు, ఎక్కువగా పసుపు రంగే. కట్టకి పది కాడలు, అవీ మొగ్గలుగానే. కాడ నిటారుగా, మొగ్గ ఆకుపచ్చగా బిగుసుకుని ఉండగానే కోసేస్తారు. ఆ దశని అక్కడ 'పెన్సిల్' అంటారు. మొగ్గ పక్కకి వాలిందంటే 'గూస్ నెక్', బాతుమెడ. అది దగ్గర ఊళ్లలో అమ్ముకోవడానికి పనికొస్తుంది గానీ, దూరం పంపే సరుక్కి పెన్సిలే కావాలి. కట్టలు క్రేట్లలో వచ్చి గడ్డకట్టేంత చలి ఉండే కోల్డ్ స్టోర్‌లో పడతాయి. మేం వాటిని తీసి, కాడలు సమంగా కత్తిరించి, రబ్బర్ బ్యాండ్ సరిచేసి, బార్‌కోడ్ ఉన్న ప్లాస్టిక్ కవర్లోకి దించుతాం. రేపు షిఫ్ట్ ఉందో లేదో ఏజెన్సీ మెసేజ్ రాత్రి పొద్దుపోయాక గానీ రాదు. ఉందంటే తెల్లారకముందే వ్యాన్ ఎక్కాలి.

"మన మల్లెమొగ్గల బేరమే కదరా" అన్నాడు మామయ్య. నిజమే. పొద్దున మూరలెక్కన కొన్న మొగ్గ సాయంత్రానికి జడలో విచ్చుకున్నట్టే, ఇది కొన్నవాళ్లింట్లో గాజు జాడీలో విచ్చుకుంటుంది. తేడా ఏమిటంటే, మల్లెతోటలో మిగిలిన పువ్వు చూసి ఎవరూ ఫొటోలు దిగరు. డాఫొడిల్ పొలం పసుపుపచ్చగా కనపడితే జనం కార్లు ఆపి సెల్ఫీలు తీసుకుంటారు. కోతకి వేసిన పొలం అలా పచ్చబడిందంటే రైతు నష్టపోయినట్టే. కోయాల్సిన రోజున కోసే మనుషులు దొరక్క మొగ్గలు విచ్చుకున్నాయన్నమాట. దుంపల కోసం వేసిన పొలమైతే ఫర్వాలేదు. యూరప్ నుంచి వచ్చే కూలీలు తగ్గాక ఈ ఇబ్బంది బాగా ముదిరింది. అప్పటిదాకా పళ్లు, కూరగాయల కోతలకే ఇచ్చే ఆరు నెలల సీజనల్ వీసాని 2022 నుంచి పూలకీ ఇస్తున్నారు.

సీజన్ కూడా నడుచుకుంటూ వెళుతుంది. జనవరిలో నైరుతి మూలనున్న కార్న్‌వాల్‌లో మొదలై, ఫిబ్రవరి మార్చిల్లో మా లింకన్‌షైర్‌కి వచ్చి, ఏప్రిల్‌కి స్కాట్లండ్ చేరుతుంది. వీళ్లందరికన్నా ముందు, కార్న్‌వాల్ అవతల సముద్రంలో ఉన్న సిల్లీ దీవుల్లో 'సోలై డోర్' అనే గుత్తిపూల రకం శరదృతువులోనే వచ్చేస్తుంది. అది తొందరగా పూయడానికి అక్కడి రైతులు ఎండాకాలంలో పొలంలో గడ్డి తగలబెట్టి పొగ పెడతారని చెబితే మామయ్య నమ్మలేదు. అరటిగెలని గదిలో పెట్టి పొగబెట్టినప్పుడు ఏ ఎథిలీన్ వాయువు పనిచేస్తుందో, అక్కడ మట్టిలో ఉన్న దుంప మీదా అదే పనిచేస్తుంది. అది చెప్పాక నమ్మాడు.

మనకి దసరా ముందు బంతి, చామంతి ధరలు ఎలా ఎగిరిపడతాయో బెజవాడ వాళ్లకి చెప్పక్కర్లేదు. డాఫొడిల్‌కి అలాంటి రోజులు రెండు. మార్చి 1, వేల్స్ వాళ్ల సెయింట్ డేవిడ్ పండుగ. డాఫొడిల్ వాళ్ల జాతీయ చిహ్నాల్లో ఒకటి. రెండోది ఈస్టర్‌కి మూడు వారాల ముందు వచ్చే ఆదివారం, అక్కడి అమ్మల రోజు. ఆ వారం సూపర్‌వైజర్ దగ్గర్నుంచి లారీ డ్రైవర్ దాకా అందరికీ టెన్షనే. మొగ్గ రెండు రోజులు ముందు విచ్చుకున్నా చిక్కే, రెండు రోజులు ఆలస్యమైనా చిక్కే.

ఈ పనిలో చేతులకి వచ్చే దద్దుర్లకి అక్కడ వేరే పేరే ఉంది, లిల్లీ రాష్ అని. కాడ తెగిన చోట జిగురు కారుతుంది. అందులో కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు సూదుల్లా ఉంటాయి. కంద తరిగినప్పుడు చేతులు దురదపెట్టేది కూడా వీటివల్లే. గ్లవ్స్ వేసుకున్నా మణికట్టు దగ్గర జిగురు దిగుతుంది. వీడియో కాల్‌లో చూసి అమ్మ చింతపండు రసం రాయమంది. నేను క్రీమ్ రాశాను, తర్వాత చింతపండు కూడా రాశాను. ఏది పనిచేసిందో అడగొద్దు.

ఆ జిగురుతోనే ఇంకో పేచీ. కొత్తగా కోసిన డాఫొడిల్స్‌ని గులాబీలతోనో ట్యులిప్‌లతోనో ఒకే జాడీలో పెడితే అవి త్వరగా వాడిపోతాయి. ముందు వీటిని కొన్ని గంటలు విడిగా నీళ్లలో ఉంచి, జిగురంతా దిగాక, కాడ మళ్లీ కత్తిరించకుండా మిగతా వాటితో కలపాలి. ఇక దుంప చూడ్డానికి అచ్చం ఉల్లిపాయే, తింటే మాత్రం వాంతులు. 2015లో ఇంగ్లండు ప్రజారోగ్య శాఖ వీటిని కూరగాయల దగ్గర పెట్టొద్దని సూపర్‌మార్కెట్లకి చెప్పింది. మొగ్గల కట్టని ఉల్లికాడలనుకుని కొన్నవాళ్లున్నారు మరి. ఆ మొక్కలోంచే గలాంటమిన్ అనే మందు తీసి ఆల్జీమర్స్ రోగులకి ఇస్తున్నారు. దానికోసం వేల్స్ కొండల మీద ప్రత్యేకంగా డాఫొడిల్స్ పెంచుతున్నారు.

అందానికొద్దాం. ఇంట్లో అందరూ డాఫొడిల్ అంటే ఒకే పువ్వనుకుంటారు, పసుపు రంగు, మధ్యలో బాకా. నమోదైన రకాలు 27,000 పైమాటే. వాటి పేర్ల చిట్టా లండన్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ దగ్గర ఉంటుంది. వాళ్లు మొత్తాన్ని 13 వర్గాలు చేశారు. మొదటి మూడింటినీ స్కేలు పెట్టి తేల్చొచ్చు. మధ్యలో ఉన్న ఆ బాకానే గిన్నె అంటారు. అది రేక అంత పొడవో, ఇంకా పొడవో ఉంటే ఒకటో వర్గం. రేకలో మూడో వంతు దాటి, రేకకన్నా పొట్టిగా ఉంటే రెండు. మూడో వంతు లోపే ఉంటే మూడు. ఆ తర్వాత ముద్దపూలు, గుత్తిపూలు, గిన్నె చీలి రేకల మీద పరుచుకున్నవి. వర్గం అంకె పక్కన రంగుల అక్షరాలు. మా షెడ్‌లో ఎక్కువగా వచ్చే కార్ల్‌టన్ '2 వై-వై', అంటే రెండో వర్గం, రేకా పసుపే, గిన్నే పసుపే.

పేరు మోసింది కింగ్ ఆల్ఫ్రెడ్. 1899లో వచ్చిన రకం, అప్పట్లో దాని సైజు చూసి జనం నోళ్లు వెళ్లబెట్టారట. ఇవాళ ఆ పేరుతో సంచుల్లో అమ్మేది చాలావరకు దాన్ని పోలిన వేరే రకాలు. అసలు నన్నడిగితే ఆ పెద్ద పసుపు బాకాల్లో నాజూకు తక్కువ, వానకి మెడలు విరిగి పడిపోతాయి కూడా. కుండీకి 'టెటాటెట్' మేలు. జానెడు ఎత్తు, ఒక్కో కాడకి రెండు మూడు బుల్లి పూలు, గాలికి చలించదు. కార్న్‌వాల్‌లో అలెక్ గ్రే అనే ఆయన 1940ల్లో తయారుచేశాడు. ఇప్పుడు ఇళ్లలో కిటికీ గట్ల మీద ఎక్కువగా కనపడేది అదే. లేత గులాబీ గిన్నె కావాలంటే 'మిసెస్ ఆర్.ఓ. బ్యాక్‌హౌస్' ఉంది. నాకు నచ్చేది మాత్రం థాలియా. తెల్లగా, తలవంచుకుని, కాడకి రెండు మూడు పూలు. అది మా లైన్ మీదకి రాదు, నేను పనికి వెళ్లే దారిలో ఒక చర్చి ఆవరణలో ఉంది.

అక్కడ ఇల్లు కొనుక్కున్న మన తెలుగువాళ్లకి ఒక మాట. దుంపని దాని ఎత్తుకి రెండు మూడింతల లోతున సెప్టెంబరు, అక్టోబరుల్లో పాతిపెట్టండి. పూలు వాడాక ఆకులు అసహ్యంగా వాలిపోతాయి. శుభ్రంగా ఉంటుందని వాటిని కోసెయ్యకండి, జడల్లా ముడెయ్యకండి. వచ్చే ఏటి పువ్వుకి తిండి ఆ ఆకుల నుంచే వెళ్లాలి. కనీసం ఆరు వారాలు ఓర్చుకోవాలి. లేకపోతే మరుసటి ఏడు ఉత్త ఆకులే వస్తాయి.

ఇక అమ్మ కోరిక. వచ్చేటప్పుడు నాలుగు దుంపలు తెమ్మంటుంది. పర్మిట్, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా దుంపలు ఇండియాకి తేకూడదు. ఆన్‌లైన్‌లో ఇక్కడే దొరుకుతాయిలే అంటే, "మన ఎండకి బతుకుతాయా?" అని వెంటనే మామయ్య అనుమానం. ఎండకి బతుకుతాయి. పురుగు చంపడానికి లింకన్‌షైర్‌లో దుంపల్ని 44.4 డిగ్రీల వేడినీళ్లలో మూడు గంటలు నానబెడతారు. 1910ల్లో పొలాల్లో దుంపలు కుళ్లిపోతుంటే రామ్స్‌బాటమ్ అనే కుర్ర శాస్త్రవేత్త ఈ వేడినీళ్ల చికిత్స తేల్చి సాగుని నిలబెట్టాడు. బెజవాడ మే నెల అంటే దాదాపు ఆ వేడే. నిద్రలో ఉన్న దుంప దాన్ని తట్టుకుంటుంది. ఇక్కడ లేనిది చలికాలం. మూడు నాలుగు నెలలు తొమ్మిది డిగ్రీల లోపు చలి తగిలితేనే లోపలి మొగ్గ కాడ సాచి పైకొస్తుంది. మన జనవరి రాత్రులు వాటికి ఏ మూలకీ చాలవు. ఫ్రిజ్‌లో పెట్టొచ్చు గానీ పక్కన అరటిపళ్లు, ఆపిల్స్ ఉండకూడదు. మళ్లీ ఆ ఎథిలీనే, ఈసారి చెడగొట్టడానికి. మా ఇంట్లో అన్ని నెలలు పళ్లు లేని ఫ్రిజ్ ఎక్కడుంటుంది?

చలి అక్కర్లేని రకం పేపర్‌వైట్. తెల్లటి గుత్తిపూలు. గులకరాళ్లలో దుంప నిలబెట్టి, అడుగు తగిలీ తగలనట్టు నీళ్లు పోస్తే నాలుగు నుంచి ఆరు వారాల్లో పూస్తుంది. డిసెంబరులో ఇంట్లో చల్లటి చోట ప్రయత్నించొచ్చు. ఒక్కసారి పూశాక దుంప పారెయ్యడమే. వెచ్చగా ఉంటే కాడలు బారుగా సాగి పడిపోతాయి. దానికి అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు 2006లో ఒక ఉపాయం ప్రచురించారు. మొలక రెండంగుళాలయ్యాక మామూలు నీళ్లు పారబోసి, 4 నుంచి 6 శాతం ఆల్కహాల్ కలిపిన నీళ్లు పొయ్యాలి. ఒక వంతు విస్కీకి ఏడు వంతుల నీళ్లు. కాడ పొట్టిగా, గట్టిగా నిలుస్తుంది, పువ్వు మాత్రం అంతే సైజు. బీరు, వైన్ పనికిరావు, వాటిలో చక్కెర ఉంటుంది.

మామయ్య చాలాసేపు నవ్వాడు. దండకి పనికొస్తుందా అని అడిగాడు. రాదు, కాడ బోలు, జిగురు. తల్లో పెట్టుకుంటారా? వాసన అందరికీ పడదు. మల్లెలో ఉండే ఇండోల్ అనే వాసన పదార్థం దీంట్లోనూ ఉంది, అయినా కొందరికి తలనొప్పే. మరి అమ్ముడుపోదు కదరా అన్నాడు. అమ్మడానికి కాదు, డిసెంబరులో కొట్టు ముందు ఒక కుండీ పెట్టి చూద్దామన్నాను. దుంపలు నేను కొనాలట, నీళ్లు ఆయన పోస్తాడట, విస్కీ విషయం అత్తయ్యకి నేనే చెప్పాలట.