వ్యాసార్థం 36.60

ఒంగోలు, రోహిణి కార్తె.

పొద్దున ఆరింటికే హైస్కూలు గ్రౌండులో టేపు పరిచారు. వేసవి శిబిరం పిల్లలకు 400 మీటర్ల ట్రాక్, ఆరు లేన్లు. ఇది పట్టాలంటే 172.23 మీటర్ల పొడవు, 87.84 మీటర్ల వెడల్పు ఖాళీ కావాలి. మన వైపు చాలా బడుల్లో అంత చోటు లేక 200 మీటర్ల ట్రాక్‌తో సరిపెట్టుకుంటారు.

పేపర్లో మళ్ళీ అహ్మదాబాద్ వార్త. 2030 కామన్వెల్త్ క్రీడలు అక్కడేనని 2025 నవంబరులో గ్లాస్గోలో ఖాయమైంది. 1930లో కెనడాలోని హామిల్టన్‌లో మొదలైన క్రీడలకు అది నూరేళ్ళ పండగ. అక్కడి మోతేరా స్టేడియంలో 1,32,000 మంది పడతారన్న లెక్క ప్రతి వార్తలోనూ ఉంటుంది. పరుగు పెట్టేవాళ్ళ కాలి కింద ఏం వేస్తున్నారో రాసేవాళ్ళు తక్కువ. నాకు మాత్రం ముందు తెలియాల్సింది అదే.

ట్రాక్ అంటే 84.39 మీటర్ల రెండు నేరు దారులు, రెండు అర్ధవృత్తాలు. పెద్ద స్టేడియంలో లోపలి అంచున ఎత్తు గట్టు ఉంటుంది కాబట్టి దాని వ్యాసార్థం 36.50. గట్టు నుంచి 30 సెంటీమీటర్లు బయటికి జరిగి కొలుస్తారు, అంటే పరుగు గీత 36.80. చుట్టు సరిగ్గా 400 మీటర్లు వస్తుంది. మన గ్రౌండులో గట్టు లేదు, ముగ్గు గీతే. గీత నుంచి 20 సెంటీమీటర్ల దగ్గర కొలవాలి. కాబట్టి వ్యాసార్థం 36.60 పెట్టాలి. పుస్తకంలో ఉన్న 36.50 అలాగే దించితే చుట్టు 399.37 మీటర్లే వస్తుంది. 63 సెంటీమీటర్లు తక్కువ. ఆ ట్రాక్ మీద పిల్ల ఎంత మంచి టైమింగ్ చేసినా అది లెక్కలోకి రాదు, పైగా తర్వాత సరైన ట్రాక్ మీద పరిగెత్తినప్పుడు వెనకబడ్డానేమోనని ఆ పిల్లే దిగులు పడుతుంది.

మూలమట్టం కోసం పురికొసతో 3-4-5 త్రిభుజం కట్టి నేరు దారులు, అర్ధవృత్తాలు కలిసే నాలుగు మూలలా మేకులు దించాక, ఎదురు మూలల మధ్య 111.71 మీటర్లు రావాలి. రెండు వైపులా అంతే వస్తే దీర్ఘచతురస్రం నిలబడ్డట్టు. రాకపోతే మేకులు పీకాల్సిందే, సర్దుకుపోయే పని కాదు. గుడ్డ టేపు సాగుతుంది, వాడకూడదు. స్టీలు టేపుకూ ఎండ దెబ్బ ఉంది. టేపుల మీద గుర్తులు 20 డిగ్రీల వేడికి సరిపోయేలా వేస్తారు. మధ్యాహ్నం 40 డిగ్రీల్లో కొలిస్తే టేపు సాగి, 400 మీటర్ల మీద 9 సెంటీమీటర్లు ఎక్కువ వస్తుంది. అంతర్జాతీయ ట్రాక్‌కు నిబంధనలు ఒప్పుకునేది 4 సెంటీమీటర్లే, అదీ ఎక్కువ వైపే. ఒక్క మిల్లీమీటరు తక్కువైనా పనికిరాదు. అందుకే ఆరింటికి మొదలుపెట్టి ఎనిమిదికి కొలతలు ఆపేయడం.

గీతకు ముగ్గు పిండే మంచిది. కొట్టు సున్నం వద్దు, చెమట కాళ్ళకు అంటితే కాలుతుంది, కంట్లో పడితే ఇంకా ప్రమాదం.

ఈ గ్రౌండు నల్లరేగడి. ఇప్పుడు నెర్రెల్లో వేలు దూరుతోంది. అక్టోబరు వానలకు ఇదే మట్టి ఉబ్బి నెర్రెలు పూడిపోతాయి. ముగ్గు ట్రాక్‌కు ఇబ్బంది లేదు, మళ్ళీ గీసుకోవచ్చు. సింథటిక్, అంటే ఎర్ర రబ్బరు లాంటి పొర, వేస్తే మాత్రం ఈ మట్టి దాన్ని బతకనివ్వదు. ఎండాకాలం కుంగి, వానాకాలం లేచి, రెండు మూడేళ్ళలో పైన తారు పగులుతుంది. ఆ పగులు ఎర్ర రబ్బరు మీద గీతలా పైకి కనబడుతుంది. అందుకే మట్టి పరీక్ష చెప్పినంత లోతు రేగడి తవ్వి పారబోసి, గ్రావెల్‌ను 15, 20 సెంటీమీటర్ల పొరలుగా పోసి, ఒక్కో పొరా తడిపి రోలరు తిప్పాలి. ఆ పైన కంకర, రెండు పొరల తారు. తారులోని నూనె ఆరేందుకు రెండు నుంచి నాలుగు వారాలు వదిలేయాలి. అప్పుడు 13 మిల్లీమీటర్ల మందాన పాలీయురేథేన్, అదే ఆ ఎర్ర పొర.

అందరూ తొందరపడేది ఈ చివరి పొర దగ్గరే. ఆ రసాయనానికి తడి తగిలితే గ్యాస్ పుట్టి బొబ్బలు లేస్తాయి. మనకు ఫిబ్రవరి నుంచి మే దాకా వేసుకోవచ్చు. అహ్మదాబాద్‌లో జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు. టెండరు ఆలస్యమై ఒక పొడి కాలం చేజారితే, తర్వాత ఎన్ని వేలమంది కూలీల్ని దింపినా అది తిరిగి రాదు. ఢిల్లీలో 2010 అక్టోబరు 3న క్రీడలు మొదలవ్వాల్సి ఉంటే సెప్టెంబరు 21న ప్రధాన స్టేడియం దగ్గర కాలిబాట వంతెన కూలింది, పనివాళ్ళు దెబ్బలు తిన్నారు. హడావిడి పని భారం చివరికి పడేది వాళ్ళ మీదే. అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

వేశాక చూడాల్సినవి కూడా ఉన్నాయి. 4 మీటర్ల బద్ద పెడితే దాని కింద సందు 6 మిల్లీమీటర్లు దాటకూడదు. ట్రాకంతా నీళ్ళు పోసి 20 నిమిషాలు ఆగితే ఎక్కడా మడుగు నిలవకూడదు. లోపలి వైపు వాలు మీటరుకు ఒక సెంటీమీటరు మించకూడదు. పక్కనే వార్మప్‌కు ఇంకో ట్రాక్ కావాలి. ఖర్చు తగ్గించుకోవాల్సి వస్తే ముందు కోత పడేది దీనికే, క్రీడలయ్యాక ఊరి పిల్లలకు అందుబాటులో మిగిలేదీ ఇదే. వంద పాస్‌లు అడిగే పెద్ద స్టేడియంలోకి ఊరి పిల్లలెవరూ రోజూ ప్రాక్టీసుకు వెళ్ళలేరు. అహ్మదాబాద్ వాళ్ళు దీన్ని మొదటి నుంచీ బడ్జెట్లో పెట్టుకోవాలని గట్టిగా కోరుకుంటున్నాను.

రేపటికి మిగిలింది 400 మీటర్ల స్టాగర్ మేకులు, అంటే బయటి లేన్ల వాళ్ళు ఎంత ముందు నుంచి మొదలుపెట్టాలో చెప్పే గుర్తులు. గట్టు లేని ట్రాక్ కాబట్టి రెండో లేనుకు 7.04 మీటర్లు కాదు, 7.67. మూడుకు 15.33, నాలుగుకు 23.00, ఐదుకు 30.66, ఆరుకు 38.33. 200 మీటర్లకు ఇందులో సగం. ఎండెక్కకముందే దించేయాలి.